ఐదు జానల గౌను

అమ్మ పంపిన పార్శిల్ విప్పీ విప్పకముందే పిడుగు గౌను తొడిగేసుకుంది. నీలం గౌను, తెల్ల కాలరు. అంతా బాగుంది గానీ, అంచు నేల మీద ఈడుస్తోంది.

"ఓసినీ! ఇందులో ఇద్దరు పడతారే!" అని నవ్వింది అమ్మమ్మ.

పిడుగుకి నవ్వు రాలేదు. అమ్మ వేరే ఊళ్లో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. వెళ్లి ఏడాదిన్నర దాటింది. ప్రతి శనివారం అమ్మమ్మ బటన్ ఫోన్‌కి చేస్తుంది. అందులో మాట వినపడుతుంది గానీ మొహం కనపడదు. రోజూ ఎవరెవరి పిల్లలకో సరిగ్గా కుట్టే అమ్మ, సొంత కూతురికి ఇలా కుడుతుందా?

ఆ సాయంత్రం ఫోన్ మోగింది.

"గౌను సరిపోయిందా బంగారం?"

"నేనెంత ఉంటానో నీకు గుర్తే లేదు. నన్ను మర్చిపోయావు!" అని పిడుగు ఠక్కున ఫోన్ పెట్టేసింది. తర్వాత దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. అమ్మ మీద కోపం, అమ్మ కావాలన్న దిగులు, రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

సోమవారం లెక్కల టీచర్ పాతకాలం కొలతల గురించి చెప్పారు.

"స్కేళ్లు, టేపులు లేనప్పుడు చేతులతోనే కొలిచేవాళ్లు. మోచేయి నుంచి మధ్యవేలి కొస దాకా మూర. అరచెయ్యి బాగా చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జాన. రెండు జానలు ఒక మూర. ఏదీ, నా బల్ల పొడవు ఎన్ని జానలో ఎవరు కొలుస్తారు?"

అందరికంటే ముందు లేచింది పిడుగే. ఆ పేరు ఊరికే రాలేదు. గబగబా కొలిచి, "తొమ్మిది!" అంది.

టీచర్ కొలిచారు. ఆరే వచ్చాయి.

"టీచర్ తొండి!" అని వెనక బెంచీ అరిచింది. క్లాసంతా గొల్లుమంది.

"తొండి కాదర్రా. నా జాన పెద్దది, తన జాన చిన్నది. నా రెండు జానలు తనకి మూడు. ఎవరి జానో చెప్పకపోతే లెక్కంతా తప్పుతుంది."

పిడుగుకి చటుక్కున గుర్తొచ్చింది. నెల కిందట అమ్మ అడిగింది కదా! "భుజం నుంచి మోకాలి కింద దాకా ఎన్ని జానలో అమ్మమ్మ చేత కొలిపించు. అమ్మమ్మ జానా నా జానా ఒక్కటే." అప్పుడు అమ్మమ్మ బట్టలు ఆరేస్తోంది. అంతసేపు ఎవరాగుతారు? పాత గౌను మంచం మీద పరిచి, తనే కొలిచి, ఇంకాస్త కలిపి, ఐదు జానలని చెప్పేసింది. పైగా "అమ్మమ్మే కొలిచింది" అని కూడా అంది.

ఇంటికి రాగానే కొత్త గౌను కొలిచింది. తన చేత్తో ఏడున్నర. అమ్మమ్మ చేత కొలిపించింది. సరిగ్గా ఐదు.

పిడుగు జరిగిందంతా చెప్పేసింది. అమ్మమ్మ తిట్టలేదు. ఫోన్ తీసి చేతిలో పెట్టింది.

"అమ్మా, కొలిచింది అమ్మమ్మ కాదు, నేనే. అబద్ధం చెప్పాను. నువ్వు నన్నేం మర్చిపోలేదు."

అమ్మ ఫ్యాక్టరీలోనే ఉన్నట్టుంది. వెనక మిషన్ల చప్పుడు వినపడుతోంది.

"ఐదు జానలనగానే, నా అంత అయిపోయావనుకున్నానే," అంది అమ్మ మెల్లగా. "ఇక్కడ అందరికీ గొప్పగా చెప్పుకున్నా. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చా, నువ్వు ఎదగడం చూడలేకపోయానే అని."

పిడుగు ఫోన్‌ని చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఎదగలేదమ్మా. ఇంకా బోలెడు ఎదగాలి. నువ్వొచ్చి చూడొచ్చు."

ఆ సాయంత్రం పిడుగు ఒక తెల్ల కాగితం తెచ్చి, అరచెయ్యి బాగా చాపి దాని మీద ఆనించింది.

"అమ్మమ్మా, చుట్టూ పెన్సిల్‌తో గీస్తావా?"

"గిన్నెలు తోముతున్నానే. ఆలస్యమవుతుంది."

"ఫర్వాలేదు, ఉంటాను."

ఆఖరి గిన్నె బోర్లించేదాకా పిడుగు చెయ్యి కదపలేదు. అమ్మమ్మ వచ్చి, ఒక్కో వేలి చుట్టూ నెమ్మదిగా గీసింది. బొమ్మ కింద పిడుగు రాసింది:

"ఇది నా జాన. గీసింది అమ్మమ్మే, ఈసారి నిజం. నీ చెయ్యి దీని మీద పెట్టి చూడమ్మా."