ఎడమ దిక్కు జాగ

గుండె పగలడానికి కూడా ఒక మర్యాదైన చోటు ఉండాలి. కాలేజీ మెట్లు, బస్టాండు, వాన పడుతుంటే ఆగిన టీకొట్టు. నాది మాత్రం జనగామలో ఒక శానిటరీ షాపులో, వరుసగా పేర్చిన కమోడ్ల మధ్య పగిలింది.

నా పేరు రంజిత్. రైతుల బోరు మోటార్లు కాలిపోతే రాగి తీగ చుట్టి బాగుచేయడం నా పని. మొగుళ్లపల్లి ముత్యం గారి పెద్దబిడ్డ రుచితతో నిశ్చితార్థం అయింది. మూఢాలు పోగానే లగ్గం. ఈలోపు మా ఇంట్లో పాత బాత్రూం పగలగొట్టి కొత్తది కట్టిస్తున్నాం. "వాడుకునేది పిల్ల. సింకు, దాని కింద రాయి పిల్లనే సూసుకోని" అని మా అమ్మ సరోజన కబురు పెట్టింది. నేనూ అమ్మా షాపులో ఎదురుచూస్తుంటే, రుచిత వాళ్లమ్మ అరుణను తోడు తెచ్చుకుని వచ్చింది.

బస్సు దిగి వచ్చేసరికి తుంపరకి ఆమె ముందు జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. నేను దాన్నే చూస్తుంటే షాపాయన ఏదో అడిగాడు. "చానా బాగున్నది" అన్నాను. ఆయన అడిగింది బాత్రూం వెడల్పు ఎంతని.

రుచిత నవ్వు ఆపుకుంది. ఆ ఒక్క నవ్వుతో నాకు పెళ్లయిపోయినంత సంబరమైంది.

"గిది ఎట్లున్నది?" రాయి మీద కూర్చునే సింకు చూపించాను.

"సింకా, పాయసం గిన్నెనా?"

"గీ మూల సింకు?"

"వద్దుండ్రి. ముఖం కడుక్కుందామని వంగితే తల గోడకు తాకుతది. పొద్దుగాల్నే బొప్పి కట్టాల్నా?"

అమ్మ మాత్రం అడుగున తామరపువ్వు వేసిన గుండ్రటి సింకు దగ్గర ఆగిపోయింది. "నాకు ముగ్గులు రావు బిడ్డా. నేను ముగ్గేస్తే వాకిట్ల కోడి గీకినట్టుంటది. కనీసం సింకులనన్న ఓ పువ్వు ఉండని."

"గదే తీసుకుందాం అత్తమ్మా. పువ్వు మంచిగున్నది," అంది రుచిత.

సింకు కుదిరింది. ఇక రాయి. నల్ల గ్రానైటు కూడా ఇట్టే కుదిరింది. అయితే మా బాత్రూం ఇరుకు. సింకును నడుమ పెడితే రెండు పక్కలా సబ్బు పెట్టేంత చోటు కూడా మిగలదు. ఏదో ఒక పక్కకు జరపాలి.

"సింకు కుడి దిక్కు పెట్టి, ఎడమ దిక్కు జాగ ఇడుస్తే మంచిగుంటది," అంటూ రుచిత చెయ్యెత్తి చూపించబోయింది. వెంటనే అరుణత్తమ్మ గట్టిగా దగ్గింది. రుచిత చెయ్యి దించేసింది. వానలో వచ్చారు కదా, పాపం దగ్గు పట్టుకున్నట్టుంది అనుకున్నాను.

"ఎడమ దిక్కెందుకు బిడ్డా?" అంది అమ్మ. "సబ్బయినా బ్రష్షయినా అందుకునేది కుడిచేత్తోనే గద. మనమేమన్న పుర్రచేతోళ్లమా?"

రుచిత ముఖం మాడిపోయింది. "మీ ఇష్టం అత్తమ్మా."

"గట్ల కాదు, నీకెట్ల కావాల్నో చెప్పు," అన్నాను.

"నాకేం వద్దు. మీకు నచ్చినట్టు కోయించుకోండ్రి."

బస్సుకు టైమైందని టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. వెళ్తూ వెనక్కి చూస్తుందేమోనని రోడ్డు మీద తడుస్తూ నిలబడ్డాను. చూడలేదు.

మర్నాడు మెసేజ్ వచ్చింది. "ఈ సంబంధం గురించి మీరు ఇంకోసారి ఆలోచించుకుంటే మంచిది." ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

సబ్బు పెట్టుకునే జాగ కోసం సంబంధం వదులుకునే పిల్ల లోకంలో ఎక్కడైనా ఉంటుందా? కాబట్టి అసలు కారణం నేనే. నా ముఖమే నచ్చలేదు. ఆ సంగతి ముఖం మీద చెప్పలేక రాయి మీద పెట్టింది. అలా తీర్మానించుకున్నాక అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఒక మోటారుకు తీగలు తారుమారు చేసి కట్టాను. ఆ రైతు మొత్తుకుంటూ వచ్చాడు. "ఏందిర రంజితూ, మోటరు ఉల్టా తిరుగుతాంది! నీళ్లు పొలానికి రావాల్నా, పాతాళానికి పోవాల్నా?" ఆయన్ను ఏమనగలను? నా బతుకే ఉల్టా తిరుగుతోంది.

సాయంత్రాలు కొత్త బాత్రూంలోకి పోయి ఉత్త సిమెంటు గోడ ముందు నిలబడేవాణ్ణి. ఇక్కడ అద్దం వస్తుంది, సింకు వస్తుంది, ఆమె మాత్రం రాదు అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు ఆ పిల్ల కావాలి, అంతే.

ఇక తట్టుకోలేక భూపాలపల్లి బస్సెక్కాను. రుచిత అక్కడొక ప్రైవేటు ల్యాబులో రక్తాలు తీసే పని చేస్తుంది. పేషెంట్ల వరుసలో కూర్చుని, నా వంతు వచ్చాక లోపలికెళ్లాను. తెల్లకోటు, ముఖానికి మాస్కు. కళ్లు ఒక్క క్షణం పెద్దవయ్యాయి, మళ్లీ మామూలయ్యాయి.

"పేరు?"

"తెల్వదా?"

"పేషెంటే చెప్పాలె."

"రంజిత్."

"ఏం టెస్టు?"

"నాల ఏం తక్కువున్నదో తెలిసే టెస్టు."

"గది మా దగ్గర లేదు. మలేరియా, టైఫాయిడ్, షుగర్ ఉన్నయ్."

"మూడూ చెయ్యి. తిండి లేదు, నిద్ర లేదు. మూడిట్ల ఏదో ఒకటి ఉంటది."

ఆమె నవ్వలేదు. జబ్బకు రబ్బరు పట్టీ కట్టింది. సూదంటే నాకు చచ్చేంత భయం. కళ్లు మూసుకుని పళ్లు బిగించాను. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. కళ్లు తెరిచేసరికి సీసాలో రక్తం ఉంది. సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. దాన్ని పట్టుకున్నది ఎడమ చెయ్యి.

"ఎడమ చేత్తో తీసినవా?"

రుచిత దూది నొక్కి పట్టింది.

"ఇగ దాచేదేమున్నది. నేను పుర్రచేతిదాన్ని," అంది. "పెండ్లిచూపులల్ల మీకు చాయ్ ఇచ్చిన చెయ్యి నాది కాదు, మా అమ్మ నేర్పిచ్చిన చెయ్యి. షాపుల అమ్మ దగ్గింది గద? అది దగ్గు కాదు. నా చేతికి బ్రేకు."

నాకు నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూసి ఆపేశాను.

"అందరి ముందల కుడిచేత్తో తింట, కుడిచేత్తో బొట్టు పెడుత. ఈ ల్యాబుల ఒక్కకాన్నే నన్నెవ్వరు అడగరు. సూది సక్కగ దిగితే సాలు. గా షాపుల సింకు ముందల నిలబడంగనే బుగులైంది. పొద్దుగాల మనిషి నిద్రమబ్బుల ఉంటది. చెయ్యి దానంతట అదే పోతది. పండ్లు తోముకునే కాడ గూడ దాచుకోవాల్నంటే ఇగ నేనెక్కడ బతకాలె, చెప్పుండ్రి?"

"నాకేం ఇబ్బంది లేదు రుచితా."

"మీకు లేదు. మీ అమ్మకు? దాచిపెట్టి పెండ్లి చేసుకుంటే రోజూ దొంగలెక్క బతకాలె. నాతోని కాదు. ఆమెకు చెప్పుండ్రి. వద్దంటే ఇప్పుడే వద్దననియ్యుండ్రి. కాకపోతే రాయి కోయకముందే చెప్పుండ్రి. కోసినంక అతకదు."

బయట ఎవరో దగ్గారు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. నిజంగా దగ్గున్న పేషెంటు.

ఆ సాయంత్రమే అమ్మకు అంతా చెప్పాను, దగ్గు సంగతితో సహా. చాటలో బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పుర్రచెయ్యా?"

"ఔ. అయితే ఏమైతదే?"

"ఏమైతదా? పీటల మీద పుర్రచేత్తో జీలకర్ర బెల్లం పెడితే ఊరు ఊకుంటదా? దేవునికి దీపం పెడితే నలుగురు ఊకుంటరా?"

"మెల్లగ కుడిచేత్తో నేర్సుకుంటదిలే."

అమ్మ ఒక్కసారిగా లేచింది. బియ్యం నేలపాలయ్యాయి. "ఏం నేర్సుకుంటది? ఎవలు నేర్పుతరు? గా పిల్లను గీ ఇంట్ల నేను సూడలేను. వద్దు!"

ఎడమ చేతి మీది పాత మచ్చను రుద్దుకుంటూ లోపలికి పోయింది. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిన మచ్చ అని చెబుతుంది. మనసు బాగాలేనప్పుడల్లా దాన్ని అలా రుద్దుకోవడం ఆమెకు అలవాటు.

నా పని అయిపోయింది. ఫోన్ తీసి "అమ్మ వద్దన్నది" అని టైపు చేశాను. పంపే ధైర్యం లేక చెరిపేశాను. అమ్మను కాదని ఆమెను తెస్తే, దాచుకునే బతుకు పోయి తిట్లు తినే బతుకు వస్తుంది. తేకపోతే నాకు బతుకే లేదు. ఏ దిక్కు చూసినా గోడే.

పొద్దున్నే రాయి కోసే ఓదెలన్న ఫోన్ చేశాడు. "మేస్త్రి ఎదురుసూస్తుండు. అచ్చి కొలత చెప్పు." ఒక్కటి మాత్రం నిశ్చయించుకున్నాను. ఆమె రాకపోయినా సరే, ఎడమ దిక్కు జాగ వదిలే రాయి కోయిస్తాను. బతికినన్నాళ్లు ఆ ఖాళీ చూసి ఏడుస్తాను. అది నా ఇష్టం.

బండి స్టార్ట్ చేస్తుంటే అమ్మ వచ్చి వెనక కూర్చుంది. "నేను గూడ వస్త."

ఓదెలన్న రాయిని బల్ల మీద పరిచి, నీళ్ల పైపు పట్టుకుని ఉన్నాడు. "హోలు ఎటు దిక్కు కొట్టాలె? మంచిగ సోంచాయించి చెప్పుండ్రి. మిషిని పెట్టినంక నా చేతుల ఏం లేదు."

"కుడి..." అన్నాను.

"ఆగు," అంది అమ్మ. "ఓదెలూ, సుద్దముక్క ఇటియ్యి."

"కాయితం నమూనా ఉన్నదక్కా. అది పెట్టి నేను గీస్త."

"ఇయ్యరాదూ, నేనే గీస్త!"

అమ్మ సుద్దముక్కను కుడిచేత్తో తీసుకుని రాయి ముందు నిలబడింది. అటూ ఇటూ చూసింది, ఎవరైనా కొడతారేమోనని భయపడే చిన్నపిల్లలాగా. తర్వాత సుద్దను ఎడమ చేతిలోకి మార్చుకుంది. రాయికి కుడి కొసన చెయ్యి ఆనించి, ఎత్తకుండా ఒక్క గీతలో సున్నా చుట్టింది.

ఓదెలన్న దాని మీద కాగితం పెట్టి చూశాడు. "అబ్బ! అంచుకు అంచు కూసుందక్కా."

వాకిట్లో ఒక్క ముగ్గు గీత తిన్నగా వేయలేని మా అమ్మ!

"అమ్మా," అన్నాను. "గా మచ్చ... పొయ్యి కాడ కాలింది కాదా?"

"మా నాయినమ్మ గంటె కాల్చి వాత పెట్టింది," అంది సుద్ద పిండిని చూసుకుంటూ. "పండుగనాడు వాకిలి నిండ ముగ్గేసిన. వాడకట్టంత మెచ్చుకున్నది. పుర్రచేత్తో ఏసిన్నని తెలవంగనే... మల్ల గీ చేత్తో సుద్ద పట్టలే, పిండి పట్టలే. గా పిల్లను సూడలేనన్నది గందుకే బిడ్డా. రోజు గా చెయ్యిని సూస్తే, నా చెయ్యి నాకు యాదికొస్తది గద."

ఆమె అక్కడే, రాళ్ల మధ్య కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్లు అమ్మ చేతి అన్నం తిన్నాను, ఈ చేతి సంగతి నాకు తెలియదు. ఓదెలన్న మా వైపు చూడకుండా మిషన్ ఆన్ చేశాడు. ఆ చప్పుడులో అమ్మ ఏడుపు ఎవరికీ వినబడలేదు.

మిషన్ ఆగాక అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిల్లకు ఫోన్ కలుపు."

ఈసారి రుచిత ఎత్తింది. అమ్మ ఫోన్ లాక్కుంది.

"బిడ్డా, నేను అత్తమ్మను. రాయి కోసినం. ఎడమ దిక్కే జాగ ఇడిసినం. జీలకర్ర బెల్లం నీకు ఏ చేత్తో వస్తే గా చేత్తో పెట్టు. ఎవలన్న దగ్గితే దగ్గు మందు తాపిస్త. ఆఁ, ఇంకోటి. పొద్దుగాల గా సింకు కాడ జర నాకు గూడ జాగ ఇయ్యాలె. నాది గూడ పుర్రచెయ్యే."

ఆ చివరి మాటతో మళ్లీ ఏడ్చేసింది. ఫోన్ నా చేతిలో పెట్టేసి అటు తిరిగింది.

"రుచితా," అన్నాను.

అటువైపు నుంచి సన్నగా, "మీ రిపోర్టు వచ్చింది. మూడిట్ల ఏదీ లేదు," అంది. "అత్తమ్మ ఏడుస్తుందా?"

"ఔ. ఊకోమంటున్న."

"వద్దు," అంది, ఏడుస్తూనే. "ఏడ్వనియ్యుండ్రి. ఆపకుండ్రి."

తిరిగి వస్తుంటే అమ్మ, హోలు నుంచి ఊడిన గుండ్రటి రాయి ముక్కను కడిగించి ఒళ్లో పెట్టుకుని బండెక్కింది. అంత బరువు ఎందుకు మోస్తున్నావు, దాన్నేం చేస్తావని అడిగాను.

"ముగ్గేస్త," అంది.