యశ్వంత్ చేతికి పచ్చగాజులు

2003 వానల్లో ఆ అబ్బాయి బెంగళూరు బళేపేటలో మా గాజుల కొట్లోకి తడుస్తూ వచ్చి, జేబులోంచి ఒక జరీ దారం తీశాడు. పేరు యశ్వంత్. నగర్తపేటలో వాళ్ళ నాన్నకు జరీ దారాల కొట్టు. అక్క సీమంతానికి పచ్చగాజులు కావాలని, కొలత ఇదేనని, కొసలు ముడేసిన ఆ దారాన్ని బల్ల మీద పెట్టాడు.

మా అమ్మాయి వరూధిని దాన్ని వేలికి తగిలించి చూసింది.

"ఇది ఎక్కడ కొలిచినారు?"

"మణికట్టుకే. గాజు ఉండేది ఆడే కదా."

"ఉండేది ఆడే. పోయేది వేళ్ళ మీంచి కదప్పా, పిడికిలి ఎముకలు దాటల్ల. ఈ కొలతకిస్తే మీ అక్క గాజుల్ని చెవులకు పెట్టుకోవల్ల."

అని నవ్వింది. నవ్వితే దాని చేయి నోటికి అడ్డం పోతుంది. చిన్నప్పటినుంచీ అంతే. పై పళ్ళు ముందుకు, కింది దవడ లోపలికి. పైగా ఏడాదిగా పళ్ళకు క్లిప్పులు. చేయి లేచినప్పుడల్లా గాజులు గలగలమంటాయి. మా కొట్లో దాని నవ్వు ఎవరికీ కనబడదు, గాజులే వినబడతాయి.

అతను తనను ఎగతాళి చేస్తోందనుకున్నాడు. "నవ్వేదైతే ముఖం చూపించి నవ్వండి మేడం," అని దారం తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

మరునాడు సరైన కొలతతో వచ్చాడు. ఆ తర్వాత అక్కకు రంగు నచ్చలేదని వచ్చాడు. ఆ తర్వాత పిన్నికన్నాడు, పక్కింటావిడకన్నాడు. నగర్తపేటలో ఆడవాళ్ళందరికీ ఒకేసారి గాజులు కరువయ్యాయంటే నాకు భయం వేసింది. పెళ్ళయినవాడేమో, కొట్టు గుట్టు కనిపెట్టడానికి వస్తున్నాడేమో. మా ఆయన చెన్నరాయప్పతో చెబితే, కొనేవాళ్ళను అనుమానిస్తే కొట్టు మూసుకోవలసిందేనని నవ్వేశాడు.

అంతకన్నా పెద్ద భయం నాకు ఇంట్లోనే ఉంది. పళ్ళ డాక్టరు ఇక దవడ ఆపరేషన్ చేయించమన్నాడు. కింది దవడ ఎముక కోసి, ముందుకు జరిపి, స్క్రూలు బిగిస్తారట. కొన్ని వారాలు నోరు రబ్బరు బ్యాండ్లతో మూసి ఉంచుతారట, గంజి, జ్యూసు తప్ప ఏమీ తినకూడదట. ఆయన సుద్దతో చేసిన దవడ నమూనా ఒకటి చేతిలో పట్టుకుని చూపిస్తూ ఉంటే, నాకు ఆ సుద్ద దవడే కలల్లోకి వచ్చింది. మత్తిచ్చాక లేవకపోతే? లేచాక ముఖం వేరేగా ఉంటే? పళ్ళు ఎత్తుగా ఉన్నాయని ఎవరూ చచ్చిపోలేదు, వద్దన్నాను.

"నీవు సరే అంటేనే చేయించుకుంటా అమ్మా," అంది వరూధిని. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఒక సాయంత్రం వాన దంచుతోంది. యశ్వంత్ కొట్లోనే చిక్కుకుపోయాడు. నేను అటక మీద పెట్టెలు సర్దుతున్నాను. కింద వరూధిని అతనికి ఆపరేషన్ సంగతి చెబుతోంది.

"ఎందుకండీ అదంతా? మీరు ఇట్లే బాగుండారు. ఎవురో ఏమో అన్నారని ముఖం కోయించుకుంటారా?"

ఎంత మంచి మాట అన్నాడు నాయనా అనుకున్నాను. పెళ్ళయినవాడేమోనన్న అనుమానం కూడా ఆ నిమిషానికి పక్కన పెట్టాను.

"మీకు బాగుండాదని నేను దీన్నిట్లే పెట్టుకోవల్నా?" అంది వరూధిని. గొంతు పెంచలేదు. "నా కింది పండ్లు పై అంగిట్లో గుచ్చుకుంటాయి. నమిలినప్పుడల్లా. అన్నంతో పాటు నెత్తురు మింగుతా ఉండా. నాకు అద్దం కోసం కాదు, ఒక్క ముద్ద నొప్పి లేకుండా తినేదానికి."

"మీ అమ్మకు తెలుసా?" అన్నాడతను.

"చెప్తే అన్నం మానేస్తాది. అమ్మకు జలుబంటేనే నిమోనియా."

అటక మీద నా చేతిలో పెట్టె అట్లాగే ఉండిపోయింది. కంచంలో సగం వదిలేసి లేస్తుంటే, సన్నబడాలని షోకు అనుకున్నాను.

మరునాడు పొద్దున నేనే డాక్టరుకు ఫోన్ చేసి ఏ రోజు రావాలని అడిగాను.

యశ్వంత్ వారం పైన రాలేదు. సంతోషించవలసినదాన్ని, వీధిలో స్కూటరు ఆగినప్పుడల్లా తొంగిచూశాను. వరూధిని చూడలేదు. చూడకూడదని పట్టుబట్టి కూర్చుంది. చివరికి వచ్చినప్పుడు అతను గాజులు అడగలేదు.

"ఏ దినం అడ్మిషన్? నేనూ వస్తా."

"వచ్చి ఏం చేస్తారు?"

"మీ అమ్మ పక్కన కూర్చుంటా. భయపడేదానికి ఆమెకు జత కావల్ల కదా."

వరూధిని చేయి నోటికి లేచింది. గాజులు మోగాయి.

ఆసుపత్రిలో అంతా ధైర్యంగానే ఉన్నాను. థియేటరులోకి తీసుకుపోయే ముందు గాజులన్నీ తీసేయాలని నర్సు ప్రేమకుమారి చెప్పేదాకా. మాది గాజుల ఇల్లు. పాతవి తీసేటప్పుడు కూడా, కొత్తది ఎక్కేదాకా ఒక గాజు చేతికి ఉంచుతాం. చేతులు పూర్తిగా ఎప్పుడు ఖాళీ చేస్తారో మాకు తెలుసు.

"ఒక్కటి ఉంచండి సిస్టర్," అన్నాను.

ఆవిడ గుంటూరు వైపు మనిషి, మెత్తగానే చెప్పింది. "ఒక్కటి కూడా కుదరదమ్మా. చెయ్యి వాస్తే బిగుసుకుపోద్ది."

"అయితే ఇంటికి పోదాం పా."

వరూధిని నన్నే చూస్తూ కూర్చుంది. బతిమాలలేదు. బతిమాలి ఉంటే కసిరేదాన్ని, పని సులువయ్యేది. యశ్వంత్ గబగబా బయటికి పోయాడు. ఇతనూ పారిపోయాడు అనుకున్నాను.

స్కూటరు మీద పోయి వచ్చాడు. చేతిలో మా కొట్టు పెట్టె. లోపల అన్నిటికన్నా పెద్ద సైజు పచ్చగాజులు. మా ఆయన ఎందుకని కూడా అడగకుండా ఇచ్చాడట.

నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని చేయి చాపాడు. అంతదాకా ఆంటీ అనేవాడు.

"ఆమె చేయి ఖాళీగా ఉండేంతసేపు ఇవి నా చేతికి వేయి, అత్తా. గాజులు తీసినట్టు కాదు, చేయి మార్చినట్టు."

ఎందరి చేతులకో గాజులు వేశాను, మగవాడికి వేసింది అదొక్కసారే. వరండాలో జనమంతా చూస్తున్నారు. ఎముకలు నొక్కి నొక్కి ఎక్కించాను. తర్వాత వరూధిని గాజులు ఒక్కొక్కటే తీసి, కొంగున ముడి వేసుకుని, "పోయి రా," అన్నాను.

థియేటరు తలుపు కదిలినప్పుడల్లా నా పక్కన అతను లేచి నిలబడేవాడు, గాజులు మోగేవి. నాకన్నా ఎక్కువ భయపడేవాణ్ణి మొదటిసారి చూస్తున్నాను. చిత్రంగా నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

చూడటానికి రమ్మన్నప్పుడు, ముఖం వాచి, గడ్డం చుట్టూ కట్టు. ముఖం వేరేగా లేదు. నా కూతురే. నోరు తెరవలేదు, కళ్ళు మాత్రం తెరిచింది. యశ్వంత్ చేతి పచ్చగాజులు చూసింది. భుజాలు కదిలాయి. అలవాటుగా చేయి నోటికి లేచింది, కానీ చప్పుడు రాలేదు. ఖాళీ మణికట్టు వైపు ఒకసారి చూసుకుని, చేయి దించేసి, వాచిన మూతితోనే అందరి ముందూ నవ్వింది.

నేను కొంగు ముడి విప్పాను. వరూధిని సెలైన్ లేని చేయి చాపింది, కొట్లో ఆడవాళ్ళు గాజులకు చాపినట్టు. నా వైపు కాదు, అతని వైపు.

యశ్వంత్ నా ముఖంలోకి చూశాడు. నేను ఒక గాజు తీసి అతని చేతిలో పెట్టాను. తొడగబోయాడు. పిడికిలి దగ్గర ఆగిపోయింది.

"మణికట్టు చూడొద్దప్పా," అన్నాను. "బొటనవేలు లోపలికి మడిచి, ఎముకలు మెల్లగా నొక్కి పట్టు. నిదానంగా నేర్చుకో. ఇంక నీవే కదా వేయల్సింది."