ఆరో సాక్ష్యం

ఆదివారం ఉదయం ఎనిమిదైనా కాకముందే జయకర్ మూడో చొక్కా మార్చాడు. అమెరికాలో వాళ్ళుండే చాండ్లర్‌లో అమెరికన్ల చర్చి ఒకటి, తమ ఆరాధన ముగిశాక మధ్యాహ్నం రెండింటికి హాలు తెలుగువాళ్ళకి ఇస్తుంది. అంటే ఇంకా ఆరు గంటల టైముంది. అయినా అతను సాక్ష్యం రాసుకున్న కాగితం చేతిలో పట్టుకుని, కాలుగాలిన పిల్లిలా వంటింటికీ హాలుకీ తిరుగుతూనే ఉన్నాడు.

నయోమి ఆ ఇంటికొచ్చి ఇవాళ్టికి ఆరేళ్ళు. మూడేళ్ళ నల్లజాతి పిల్లని జయకర్, నమ్రత దత్తత తీసుకున్నారు. ఏటా ఆ వారంలో వచ్చే ఆదివారం పిల్లని పక్కన నిలబెట్టుకుని, దేవుడు తమకి చేసిన మేలు గురించి జయకర్ సాక్ష్యం చెబుతాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, తర్వాత అందరూ బిర్యానీ తింటారు. ఆ సంఘంలో ఈ సాక్ష్యానికున్న పేరు పాస్టరుగారి ప్రసంగానికి కూడా లేదు.

హాల్లో నమ్రత నయోమిని ముందు కూర్చోబెట్టుకుని సన్నటి జడలు అల్లుతోంది. నిన్న మొదలుపెట్టిన పని ఇంకా సగంలోనే ఉంది. ఈ జుట్టు సంగతి నేర్చుకోవడానికి ఆమె ఓ నల్లజాతి ఆవిడ సెలూన్‌లో ఏడాదిపాటు శనివారాలు గడిపింది. తెనాలి నుంచి ఆరు నెలల కోసం వచ్చిన అత్తగారు దీనమ్మ కొబ్బరినూనె సీసాతో పక్కనే కాచుకుని ఉంది.

"కాస్త నూనె పెట్టనియ్యమ్మా, మాడు చల్లగా ఉంటది."

"జడలయ్యాక పెట్టండత్తయ్యా. దువ్వెన మాత్రం వద్దు."

"మొన్న పెట్టి చూశాగా, దువ్వెనే విరిగింది," అని దీనమ్మ నవ్వింది.

నయోమి నవ్వలేదు. "మమ్మీ, చర్చికి వస్తా. స్టేజ్ మీదికి మాత్రం రాను."

జయకర్ ఆగిపోయాడు. "ఏంటమ్మా? అదేమన్నా షోనా? దేవుడికి థాంక్స్ చెప్పుకోవడం కదా!"

"అయితే నువ్వు చెప్పు. నేను ఎందుకు?"

"ఎందుకేంటి? మా సాక్ష్యమే నువ్వు!"

పిల్ల లేచి నిలబడింది. తల సగం జడలు, సగం విడిజుట్టు. తండ్రి గొంతుని అచ్చంగా అనుకరిస్తూ మొదలుపెట్టింది. "విడువబడినదై, తృణీకరింపబడినదై, ఎవరికీ అక్కరలేని ఈ బిడ్డను ప్రభువు మా చేతుల్లో పెట్టాడు."

ఇంట్లో మాట్లాడే తెలుగు పిల్లకి అర్థమవుతుందని వాళ్ళకి తెలుసు. సాక్ష్యంలోని బైబిలు తెలుగు మాత్రం అర్థం కాదనుకున్నారు. ఆ ధీమాతోనే ఐదేళ్ళుగా పిల్ల పక్కనుండగానే ఆ మాటలు చెప్పాడు జయకర్.

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"నాయనమ్మ."

దీనమ్మ గతుక్కుమంది. "సాయంత్రం ప్రార్థనలో చెరో వచనం చదువుతాం గదరా. ప్రతి మాటకీ అర్థం అడుగుద్ది. తృణీకరించడమంటే గడ్డిపరకలాగా తీసిపారేయడం అని చెప్పాను. ఇందుకని నాకేం తెలుసు?"

"గ్రాండ్‌మా డోరిస్ నన్ను పారేయలేదు," అంది నయోమి. "నాకు గుర్తుంది. టీవీ ముందు కూర్చోబెట్టి నా హెయిర్ వేసేది. నువ్వు అందరి ముందూ లై చెప్తున్నావు డాడీ. ఎవ్రీ ఇయర్."

"నోర్ముయ్!" అని అరిచాడు జయకర్.

ఆ ఇంట్లో ఆ మాట ఎప్పుడూ వినపడలేదు. నయోమి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

దీనమ్మ నూనె సీసా మూత బిగించింది. "డోరిస్ ఎవర్రా?"

జయకర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నమ్రతే చెప్పింది. పిల్లని కన్న తల్లి పురిట్లోనే పోయింది. ఆమె తల్లి డోరిస్ మూడేళ్ళు పెంచింది. పక్షవాతంతో కుడిచేయి పడిపోయాక ఇక చేయలేక, వీళ్ళని చూసి, మాట్లాడి, తనే ఒప్పుకుని అప్పగించింది. ఆ రోజు ఆవిడ అడిగినవి రెండే. పిల్లని చర్చికి తీసుకెళ్ళమంది, జుట్టు జాగ్రత్తగా చూడమంది.

"ఉందా, పోయిందా?"

"ఉందత్తయ్యా. టూసాన్‌లో, కేర్ హోమ్‌లో. రెండు గంటల డ్రైవ్." నమ్రత లోపలికి వెళ్ళి జయకర్ సొరుగులోంచి ఆరు క్రిస్మస్ కార్డులు తెచ్చింది. ఎడమచేత్తో రాసిన వంకర అక్షరాలు. "ఏటా ఒకటి పంపింది. పిల్లకి చూపించనివ్వలేదు మీ అబ్బాయి. నేనూ గట్టిగా అడగలేదు, నాదీ తప్పే."

"చూపిస్తే? అక్కడికే వెళ్ళిపోతానంటే?" అన్నాడు జయకర్. "ఇప్పటికే షాపుకెళ్తే 'ఈ పాప మీ పాపేనా' అని అడుగుతున్నారు. వెనకాల ఎవరూ లేరంటేనే కదమ్మా మన పిల్లవుద్ది!"

ఆ మాట అతని చెవులకే అసహ్యంగా వినిపించింది. కుర్చీలో కూలబడ్డాడు.

"నేను ఆస్పత్రి డ్యూటీల్లో ఉంటే నిన్ను పెంచింది మా అమ్మ," అంది దీనమ్మ. "ఆవిడ నిన్ను పారేసిందని ఎవరన్నా అంటే ఊరుకుంటావా?"

జయకర్ కార్డులు తీసుకుని వెళ్ళి, నయోమి గది తలుపు కిందనుంచి ఒక్కొక్కటే లోపలికి తోశాడు. ఆరూ అయ్యాక అక్కడే నేలమీద కూర్చున్నాడు. "సారీ తల్లీ. భయపడ్డాను," అన్నాడు. లోపలినుంచి ఏడుపు వినిపించింది. చాలాసేపటికి తలుపు కొద్దిగా తెరుచుకుంది.

"స్టేజ్ మీదికి రాను."

"రావద్దమ్మా."

మధ్యాహ్నం నయోమి సగం జడల మీద స్కార్ఫ్ కట్టుకుని వెనక వరసలో నాయనమ్మ పక్కన కూర్చుంది. జయకర్ ఒక్కడే ముందుకెళ్ళాడు.

"పాపని కూడా పిలవండి బ్రదర్," అన్నారు పాస్టరుగారు.

"వద్దండీ, కూర్చోనివ్వండి." అతను జేబులోని కాగితం తీయలేదు. "ఐదేళ్ళుగా ఇక్కడ అబద్ధ సాక్ష్యం చెప్పాను. మా అమ్మాయి ఎవరికీ అక్కర్లేని బిడ్డ కాదు. తనంటే ప్రాణం పెట్టి పెంచినావిడ ఉంది. పేరు డోరిస్. నేనే దాచాను." ఇంకేదో చెప్పబోయాడు. చెప్పకుండానే దిగొచ్చేశాడు.

ఏ సాక్ష్యానికైనా తప్పక వచ్చే ఆమెన్ ఈసారి రాలేదు. పాస్టరుగారు తడబడి, ప్రార్థన అవసరతలుంటే చెప్పమన్నారు. దీనమ్మ ముసుగు సర్దుకుని లేచింది.

"టూసాన్‌లో మా వియ్యపురాలు డోరిస్ గారున్నారు. కుడిచేయి పడిపోయింది. ఆవిడ కోసం ప్రార్థన చెయ్యండి. శనివారం మేమందరం చూడ్డానికి పోతన్నాం."

ఆవిడ కూర్చోగానే నయోమి చెయ్యి లాగింది. "వియ్యపురాలు అంటే?"

"నీకు అమ్మమ్మ గదా. నాకు ఆ వరసవుద్ది."

నయోమి లేచి వెళ్ళి, తల వంచుకుని కూర్చున్న తండ్రి పక్క కుర్చీలో కూర్చుంది.

"డాడీ, శనివారం కల్లా జడలు ఫినిష్ చేయాలి. గ్రాండ్‌మా చెక్ చేస్తుంది."

జయకర్ స్కార్ఫ్ మీద చెయ్యి వేశాడు. "నాకూ నేర్పించమందాం తల్లీ," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.