పదకొండు నిమిషాల ఖాళీ

తొమ్మిదో వార్మర్ కూడా పరీక్ష తప్పింది. తెర మీద 36.5 డిగ్రీలు. పరుపు మీద పడుకోబెట్టిన రబ్బరు బొమ్మకి పెట్టిన థర్మామీటర్‌లో 38. లీలారత్నం కళ్ళజోడు తీసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

విశాఖపట్నంలోని ఊయల మెడికల్స్‌లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని వెచ్చగా ఉంచే పడకలు తయారవుతాయి. వాటినే వార్మర్లంటారు. ఎంత వేడి ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో పడకలోని చిప్‌కి చెప్పే ప్రోగ్రాం ఫర్మ్‌వేర్. దాన్ని తయారుచేసి, చిప్ బిగించిన బోర్డు మీదికి ఎక్కించి, వేడిని కొలిచే సెన్సర్‌ని సరిచేసే పనంతా ఇరవై ఆరేళ్ళు పైడిరాజు ఒక్కడే చేశాడు. నిరుడు ఆ పనికి ‘కొలిమి’ అనే టూల్ వచ్చింది. దాన్ని నడిపేవి ఏఐ ఏజెంట్లు. వాటికి ఊహించుకోవడం నిషేధం. కాగితంలో ఉన్నది చేస్తాయి, లేనిది చెయ్యవు.

ఆ కాగితం రాయడమే లీలారత్నం పని. పద్నాలుగు నెలలు పట్టింది. ‘సాధారణంగా’ అని రాస్తే, ఎప్పుడు కాదో చెప్పమని ఏజెంట్లు అడిగేవి. ‘కాసేపు’ అని రాస్తే ఎన్ని సెకన్లని అడిగేవి. చివరికి ఇంట్లో భర్త అన్నం ఎప్పుడంటే, “ఇరవై రెండు నిమిషాలు” అని చెప్పడం అలవాటైపోయింది. పైడిరాజు పక్కన కూర్చుని తనకు తెలిసిందంతా చెప్పి, చివరి పేజీ మీద సంతకం పెట్టి రిటైరయ్యాడు.

ఆ ఉదయమే ఏజెన్సీ కొండల్లోని ఒక ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది.

“మేడమ్, మీ మంచం తప్పు చెప్తోంది. తెర మీద అంతా బాగానే ఉంది. బిడ్డ ఒళ్ళు ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. ఆపేసి, తల్లి గుండెల మీద పడుకోబెట్టాను.”

“ఇప్పుడెలా ఉంది?”

“పాలు తాగుతోంది. కానీ నేను ముట్టుకోకపోయుంటే?”

లీలారత్నం అమ్మకాల రిజిస్టరు తెరిచింది. అప్పటికే కొలిమి చేసిన పన్నెండు వార్మర్లు బయటికెళ్ళాయి. అన్ని ఆసుపత్రులకీ తనే ఫోన్ చేసి ఆపించింది. మేనేజర్ శశాంక్ ఏజెంట్లని విచారిస్తే, డాక్యుమెంటులోని 318 దశల్నీ ఉన్నవి ఉన్నట్టు పాటించామన్నాయి. అది నిజమే.

“ఏదో వదిలేశారు మేడమ్,” అన్నాడు శశాంక్. కేకలేసినా బాగుండుననిపించిందామెకి.

మర్నాడు ఆమె కబురందుకుని పైడిరాజు వచ్చాడు.

“నేను దాచుకున్నదేం లేదమ్మా,” అన్నాడు రాగానే.

“తెలుసండీ. ఒక్కసారి మీ చేత్తో చెయ్యండి. నేను చూస్తాను.”

ఆయన ఒక్కొక్కటీ చేస్తుంటే ఆమె పేజీలో టిక్కు పెట్టుకుంటూ పోయింది. ప్రోగ్రాం ఎక్కింది. హీటర్ పరీక్ష అయింది. పైడిరాజు లేచి నిలబడ్డాడు.

“ఎక్కడికండీ?”

“టీకి.”

“అది ఇందులో లేదు.”

“టీ తాగడం కూడా రాయించాలేంటమ్మా?” ఆయన నవ్వాడు.

ఆమె నవ్వలేదు. వాచీ చూసుకుంటూ వెంట నడిచింది. ఆయన టీ తాగి, కాంటీన్ ఆవిడ మోకాలినొప్పి గురించి అడిగి, తిరిగొచ్చేసరికి పదకొండు నిమిషాలు. అప్పుడు సెన్సర్ సరిచేశాడు. తెర మీద 36.5. బొమ్మ దగ్గరా 36.5.

సంగతి చాలా చిన్నది. హీటర్ పరీక్షకి బోర్డు వేడెక్కుతుంది. చల్లారకముందే సెన్సర్‌ని సరిచేస్తే, ఆ ఒకటిన్నర డిగ్రీల్నీ అది లెక్కలోంచి ఎప్పటికీ తీసేస్తుంది. ఏజెంట్లు టీ తాగవు. అరసెకనులో తర్వాతి దశకి వెళ్ళిపోతాయి.

పైడిరాజు చల్లారిన బోర్డు మీద వేలు పెట్టి చూశాడు. “ఇన్నేళ్ళూ పని నా చేతిలో ఉందనుకున్నాను. టీలో ఉందన్నమాట.”

“టీకి లేచింది మీరేగా,” అంది లీలారత్నం.

ఆయన వెళ్ళాక ఆమె కొత్త దశ రాసింది: ‘హీటర్ పరీక్ష తర్వాత పదకొండు నిమిషాలు ఏ పనీ చేయకూడదు.’ వెంటనే ఏజెంట్ల ప్రశ్న వచ్చింది. ఆ సమయంలో పక్క బోర్డు పని చూసుకోవచ్చా? పక్క బోర్డు వేడి దీనికి తగులుతుంది. ‘వద్దు. ఊరికే ఉండండి,’ అని రాసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అలాంటి ఆదేశం ఆమె ఎవరికీ ఇవ్వలేదు, ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు.

పన్నెండు వార్మర్లూ సరై తిరిగి వెళ్ళాయి. వారం తిరక్కుండా శశాంక్ పిలిచాడు. తెర మీద ఒక గ్రాఫు. ఏజెంట్లు పనిచేసే నలభై బల్లలు, ఒక్కోదాంట్లో బోర్డు బోర్డుకీ పదకొండు నిమిషాల తెల్లటి ఖాళీ.

“పైవాళ్ళకి ఇది చూస్తే నిద్ర పట్టట్లేదు మేడమ్.”

“తగ్గించడానికి లేదు. బిడ్డలు...”

“అయ్యో, ఏజెంట్ల జోలికి ఎవరెళ్తారు? వాటి విశ్రాంతి భద్రతా నియమం. నేననేది మనుషుల సంగతి. ఆ పదకొండు నిమిషాల్లో మనవాళ్ళు ఏజెంట్లు రాసిపెట్టిన లాగ్‌లు చదివితే ఖాళీ నిండుతుంది. టెస్టింగ్ వాళ్ళ టీ బ్రేకులు తీసేసి అక్కడ సర్దాం. ఎవరు ఏ నిమిషంలో ఏం చెయ్యాలో వివరంగా ఒక డాక్యుమెంటు కావాలి. అది మీరే రాయాలి.”

లీలారత్నం తన సీటుకి వచ్చి కూర్చుంది. అద్దానికి అవతల నలభై బల్లల మీద పచ్చదీపాలు కదలకుండా వెలుగుతున్నాయి. కొత్త పేజీ తెరిచి, పైన శీర్షిక కొట్టింది: ‘ఏజెంట్లు విశ్రమించే సమయంలో ఉద్యోగులు పాటించవలసిన దశలు.’

తర్వాత ఒకటో నంబరు వేసింది.