నలభై మూడు పేర్లు

"రేపు పదకొండింటికి ఇంటర్నేషనల్ స్టడీస్ డిపార్ట్‌మెంట్‌లో వైవా," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్. "సరిహద్దు అవతలి కొండజాతి మీద ఒకమ్మాయి థీసిస్ రాసింది. అక్కడి సైన్యం చేసిన ఘోరాలు చెప్పినవాళ్ల పేర్లు, ఊళ్లు చివరి అనుబంధంలో ఉన్నాయి. మొత్తం నలభై మూడు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఆ సైన్యం మనిషి."

"అతను చూస్తే?" అడిగాడు ఏజెంట్ నంబర్ పదకొండు.

"ఒక్కరూ మిగలరు. అమ్మాయికి మాత్రం ఏమీ చెప్పొద్దు, బెదిరిపోతుంది."

తెల్లారేసరికి ఏజెంట్ పెట్టుడు గడ్డం అంటించుకుని లైబ్రరీ కౌంటర్లో కూర్చున్నాడు. లైబ్రరీ ముద్ర పడందే ఏ థీసిస్సూ ఎగ్జామినర్ చేతికి వెళ్లదు. పట్టు స్కార్ఫు, నల్లకళ్లద్దాలతో ఆ అమ్మాయి గైడ్ మేడమ్ వచ్చింది. రెండు దేశాల గూఢచారులకూ పనిచేసే ఆ అందగత్తెను నమ్మడం తప్ప గత్యంతరం లేదు.

"ఈ అట్లాసు పాతది," అంది కోడ్ ప్రకారం.

"సరిహద్దులు పాతవేగా," అన్నాడు.

థీసిస్ కాపీలు రెండు, ఎగ్జామినర్‌కి ఒకటి, లైబ్రరీకి ఒకటి, చేతులు మారాయి. పెన్నులోంచి బ్లేడు బయటికొచ్చింది. పదకొండుకి రెండు నిమిషాలుండగా రెండింట్లోని అనుబంధం, మొత్తం ఆరు పేజీలు, అతని చొక్కాలోకి చేరాయి.

వరండాలో అమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది. "ఏడాదిపాటు అక్కడి ముసలమ్మ నన్ను సొంత మనవరాలిలా చూసుకుంది సార్. పుస్తకంలో తన పేరు చూడాలంది. పాపం, చదవడం కూడా రాదు."

అతను నవ్వాడు. ఆ నవ్వుకి తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయాడు.

ఎగ్జామినర్ చివరి పేజీలు తిప్పి మొహం మాడ్చుకున్నాడు. కానీ గంట తర్వాత పుస్తకం చంకలో పెట్టుకుని హుషారుగా బయటికొచ్చాడు. "మీ విద్యార్థిని చాలా విశ్వాసం గల పిల్ల," అని మేడమ్‌తో చెప్పి తన దేశపు ఎంబసీ కారెక్కాడు. ఆ కారును ఆపే అధికారం ఎవరికీ లేదు.

మేడమ్ కళ్లద్దాలు తీసేసింది. "మొదటి పేజీలు చదివావా? గైడ్‌నై ఉండి నేనూ చదవలేదు."

లైబ్రరీ కాపీ తెరిచాడు. 'కృతజ్ఞతలు'. అన్నం పెట్టినవాళ్లని, మాట్లాడినవాళ్లని అందర్నీ, ఊరితో సహా, ఒక్కర్నీ మరవకుండా తలుచుకుంది ఆ పిల్ల. మొదటి పేరు ముసలమ్మది.

విషయం విన్న అమ్మాయి వెంటనే ముసలమ్మ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్‌కి రింగ్ చేసింది. మళ్లీ చేసింది. సాయంత్రం దాకా చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

అతని ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్! అనుబంధం మన చేతికొచ్చిందటగా. రిపోర్ట్ పంపు. ఈ పనిలో నీకు సహకరించినవాళ్ల పేర్లు, అడ్రసులు మొదటి పేజీలోనే వెయ్యి. థాంక్స్ చెప్పకపోతే బాగుండదు."