అర గ్రాము

మిట్టమధ్యాహ్నం పని వదిలేసి వచ్చిన కోడలు వంటింటి గుమ్మంలో కూలబడిపోయింది. అత్తగారు చేతిలో గరిటె వదిలేసి దగ్గరకొచ్చింది.

"చిట్టికేమైనా అయిందా?"

"లేదత్తయ్యా... నా ఉద్యోగం పోయేలా ఉంది."

పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకోవడం ఆమె పని. అత్తగారు దానికి పెట్టిన పేరు ఎలుకల ఊడిగం. స్నానం చేయందే కోడల్ని గిన్నె ముట్టనిచ్చేది కాదు. నిజానికి కోడలు అందులో చేరిందే ఆరేళ్ల కూతురు చిట్టి కోసం. ఆ ఎలుకలకూ చిట్టికీ పుట్టుకతో వచ్చిన కాలేయం జబ్బు ఒక్కటే, బతికిస్తున్న మందూ ఒక్కటే. ఎలుకలకు ఆరోగ్యమైన కాలేయ కణాలు ఎక్కించి, తాగే నీళ్లలో మందు ఆపేస్తారు. కొత్త కణాలు పెరిగి కాలేయాన్ని నిలబెడితే ఇక మందు అక్కర్లేదు. చిట్టికీ ఏనాటికైనా...!

"ఓ బుల్లి ఎలుక రోజురోజుకీ తూకం తగ్గిపోతోందత్తయ్యా. మూలన ముడుచుకుని నావైపే చూసింది. చిట్టే గుర్తొచ్చింది... ఉండబట్టలేక నీళ్లలో మందు కలిపేశాను. మందుంటే కొత్త కణాలు పెరగవట. మూడు నెలల పని మట్టిపాలు చేశాను."

"ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్లేదు. నేనే చెప్పేశాను."

తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. అత్తగారు ఆమె చెంపలు అరచేత్తో తుడిచి, "నేనైనా కలిపేసేదాన్నే" అంది.

ఎలుకల పేరెత్తితే ముక్కు మూసుకునే ఆ మనిషి, మర్నాడు పరిశోధనశాల మెట్లెక్కింది.

"తప్పు చేసిందమ్మా, కాదనను. కానీ రోజూ మా మనవరాలికి ఆ మందు తాగించేది ఆ చెయ్యే. ఆగలేకపోయింది."

ఆ పరిశోధన నడిపే డాక్టరమ్మ తూకాల పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. "మళ్లీ మొదలుపెడుతున్నాం. తూకం ఆమే చూస్తుంది. కానీ ఈసారి చెయ్యి ఆగాలి."

ఆగింది. ఎలా ఆగిందో ఆ తల్లికే తెలుసు. సాయంత్రం ఆమె గుమ్మంలో ఉండగానే అత్తగారు "ఇవాళెంత?" అనేది. ఇరవై గ్రాముల చిట్టెలుక పంతొమ్మిదైంది, పదిహేడైంది... ఆ పూట ఇద్దరికీ ముద్ద దిగలేదు.

మందు ఆపిన ఇరవై మూడో రోజు కోడలు చెప్పులతోనే లోపలికి వచ్చేసింది.

"పెరిగిందత్తయ్యా, మందు లేకుండానే. అర గ్రాము."

"అర గ్రామంటే ఎంతుంటుందే?"

కోడలు పంచదార డబ్బాలోంచి చిటికెడు తీసి అత్తగారి అరచేతిలో పోసింది. స్నానం మాట ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. ఆవిడ ఆ కాస్త పంచదార వంక కళ్లు మసకబారేదాకా చూసింది. తర్వాత చిట్టిని పిలిచి, ఒక్క పలుకు కూడా కింద పడకుండా నోట్లో పోసింది.