నలభై ఒకటో జాకెట్

"బాతు ఈకల జాకెట్లు నేను కుట్టను. వేరే దర్జీని చూసుకో" అంది నిమ్‌కిత్, కుట్టుమిషన్ ఆపకుండానే.

సిక్కిం కొండల్లోని మా యుక్సమ్‌లో వేరే దర్జీ లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను రణధోజ్ సుబ్బాని. కొండెక్కే టూరిస్టుల సామాను మోసే కూలీల సంఘానికి కార్యదర్శిని. పదకొండు రోజులు సమ్మె చేసి, టూర్ ఏజెంట్ల మెడలు వంచి, మనిషికో జాకెట్ సాధించాం. లోపల ఏం కూరాలో మేమే చెప్పాలి. ఇచ్చేది ఒక్కసారే. పోయిన మార్చిలో పైన జోంగ్రి మజిలీ దగ్గర మంచువానలో తడిసి, మేమంతా అన్నా అని పిలిచే కూలీ కాలూ దాయి చేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. ఈసారి తప్పు ఎంచుకుంటే ఇంకొకడి వేళ్లు పోతాయి.

"టూరిస్టులు వేసుకునేదే మాకూ కావాలి. మేమేం తక్కువా?"

"ఎవరన్నారు తక్కువని? పాలిస్టర్ దూది పెట్టించుకో."

"చౌకసరుకు!"

"టూరిస్టు ఈకలు ఎందుకు తడవవో తెలుసా, సెక్రటరీగారూ? వానలో అవి వాడి ఒంటిమీద ఉండవు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి నీ వీపు మీదుంటాయి. నువ్వు తడుస్తావు, అవి తడవవు. మరి నీ ఈకలెవడు మోస్తాడు?"

వెనకున్న కూలీలు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"పందెం!" అన్నాను.

ఒక టూరిస్టు నాకిచ్చిపోయిన ఈకల జాకెట్ తెచ్చాను. ఆమె నమూనాగా కుట్టిన దూది జాకెట్ తీసింది. రెండూ బకెట్లో ముంచాం, పిండాం, తొడుక్కున్నాం. దుకాణం ముందు బల్లమీద, వానలో, పక్కపక్కనే కూర్చున్నాం. ముందు లేచినవాళ్లు ఓడినట్టు.

పావుగంటలో నా ఈకలన్నీ ముద్దకట్టి నడుము దగ్గరకి జారాయి. భుజాలమీద తడిగుడ్డ మిగిలింది. ఆమె మెడ దగ్గర సన్నగా ఆవిరి లేస్తోంది. చూడకూడదనుకుంటూనే చూశాను.

"చలేస్తోందా?"

"లేదు."

"మరి ఆ పళ్లేంటి, టకటకమంటున్నాయి?"

"నినాదాలు సాధన చేస్తున్నా."

కాలూ దాయి టీ గ్లాసుతో వచ్చాడు. "ఒరే, ఇది పందెమా, పెళ్లిచూపులా?" అని గ్లాసు నా ముందు పెట్టాడు. మూడు వేళ్లతో పట్టుకున్నాడు దాన్ని.

ఆ మూడు వేళ్లు చూశాను. లేచి నిలబడ్డాను.

"ఓడిపోయాను. దూదే పెట్టించుకుందాం" అన్నాను అందరికీ వినపడేలా. ఏజెంట్ల ముందు వంగని మెడ నాది. కానీ నా పంతం మనుషుల వేళ్లకన్నా పెద్దదేం కాదు.

నిమ్‌కిత్ నవ్వలేదు. మొదటిసారి నన్ను ఎగతాళి చేయకుండా చూసింది.

మర్నాటి నుంచి కొలతలు. నలభై మందిని వరసలో నిలబెట్టి ఛాతీ, చెయ్యి, నడుము కొలిచింది. చివర నేను నిలబడ్డాను. టేపు చుట్టేసింది.

"నా కొలతో?"

"అక్కర్లేదు."

"ఓడానని నన్ను తీసేశావా? ఇదెక్కడి న్యాయం?"

"అబ్బ, అరవకు" అంటూ మిషన్ కిందనుంచి ఒక జాకెట్ తీసి నా మీదికి విసిరింది.

తొడుక్కున్నాను. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. బరువులు మోసి మోసి నా కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. మా అమ్మ కూడా కనిపెట్టలేదు. జాకెట్ కనిపెట్టింది.

"ఎప్పుడు కొలిచావు?"

"నాలుగేళ్లుగా నా దుకాణం ముందునుంచే కదా ఊరేగింపులు తీస్తున్నావు" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. దారం ఎంతకీ ఎక్కట్లేదు.

జాకెట్ గుండీ పెట్టుకున్నాను, తీశాను, మళ్లీ పెట్టుకున్నాను.

"ఏం సెక్రటరీ, మాటలు అయిపోయాయా?"

"ఒక డిమాండుంది."

"తెలుసు. ఆదివారం మీ అమ్మని తీసుకుని మా ఇంటికి రా. ఒప్పుకుంటాను."

సమ్మె చేయకుండా నెగ్గిన డిమాండు నా జీవితంలో అదొక్కటే.